దిగుడుకు తగ్గ బండి

లైల్ నవోట్నీ మూడో బండిలోంచి కూడా మొహం వేలాడేసుకునే దిగాడు. "ఇంకాస్త పెద్దది లేదా?" అన్నాడు.

ఎలోయ్ ఆర్చులేటా నవ్వాపుకోలేకపోయాడు. కొండ కింద ఉన్న పగోసా స్ప్రింగ్స్ ఊళ్ళో బండ్లమ్మేవాళ్ళలో అతను పాతకాపు. "ఇంతకన్నా పెద్దదంటే ఇక బస్సే సార్. దీని వెనక మీ ఇల్లు పునాదులతో సహా కట్టినా లాక్కుపోతుంది."

లైల్ భార్య కొరీన్ పక్కనే నిలబడి జాకెట్ జేబుల్లో పిడికిళ్ళు బిగించుకుంది. పొద్దుట్నించీ ఇద్దరు మగాళ్ళూ లాగుడు గురించే మాట్లాడుకుంటున్నారు. ఎంత బరువు లాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత జోరుగా లాగుతుంది, లాగుతూ లాగుతూ ముందున్న లారీని దాటుతుందా దాటదా! ఓరి దేవుడా, ఎక్కడానికేముంది, ఎక్కలేకపోతే ఆగుతుంది. దిగలేకపోతే ఆగదే!

"కిందికి దిగేటప్పుడు ఎలా ఉంటుంది?" అని మళ్ళీ అడిగింది.

"మా ఆవిడకి ఈ ఒక్క ప్రశ్నే వచ్చు" అన్నాడు లైల్, ఎలోయ్‌కి కన్నుకొట్టి.

కొరీన్‌కి ఒళ్ళు మండింది కానీ పరాయివాడి ముందు ఏమంటుంది? ఆ ప్రశ్న ఎక్కడినించి వచ్చిందో మొగుడికి తెలియదా?

వాళ్ళది నెబ్రాస్కా. కనుచూపు మేర బల్లపరుపు నేల. లైల్ ఊళ్ళో ధాన్యం గోదాములో పని చేస్తాడు, మీసాలు రానప్పటినించీ ధాన్యం బళ్ళు లాగినవాడు. దిగుడంటే అతనికి తెలిసింది గోదాము గుమ్మం ముందున్న వాలు ఒక్కటే. ఏటా జూలైలో నవోట్నీ అన్నదమ్ములంతా పెళ్ళాం పిల్లలతో కొండలు దాటి వచ్చి, నవాహో సరస్సు ఒడ్డున వారం రోజులు మకాం పెడతారు. మిగతావాళ్ళకి బండి వెనక తగిలించుకునే చక్రాల ఇళ్ళు, ట్రైలర్లు, ఉన్నాయి కదా అని లైల్ కూడా ఒకటి కొన్నాడు. అందరూ చేసే తప్పే చేశాడు. ముందు ట్రైలర్‌లో మంచాలూ, పొయ్యీ, బుల్లి స్నానాల గదీ చూసి మురిసిపోయి కొనేసి, దాన్ని ఏ బండి లాగుతుందో తర్వాత ఆలోచించాడు. ఆలోచించడం కూడా ఎక్కడిది, ఇంట్లో ఉన్న చిన్న బండికే తగిలించేశాడు.

పోయిన జూలైలో వుల్ఫ్ క్రీక్ కనుమ దిగుతుంటే చక్రాల్లోంచి పొగ లేచింది. బ్రేకు పెడలు మెత్తబడి అడుగంటా పోయింది. వెనక సీట్లో తొమ్మిదేళ్ళ కూతురు మార్లీ ఉంది. చివరి మలుపు దాటి చదునులో ఎలాగో ఆగింది. లైల్ దిగి, "దిక్కుమాలిన బండి!" అని టైరుని తన్నాడు. అన్నదమ్ములకీ అదే కథ చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ట్రైలర్ని పగోసాలోనే ఒక యార్డులో పడేసి, పెద్ద బండి కొనుక్కొచ్చి తీసుకుపోతానన్నాడు.

కొరీన్ చలికాలమంతా ఊరుకుంది. వసంతం రాగానే చెప్పేసింది. "కొండ కిందే బండి కొందాం. మన ట్రైలర్ తగిలించి, నువ్వు ఆ కనుమ దిగడం నా కళ్ళతో చూడాలి. చూసేదాకా మార్లీ నీతో రాదు."

అత్తగారు ఫోన్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా కొడుకు మీద ఆపాటి నమ్మకం లేదా అమ్మాయ్?"

లేదు. అదే కొరీన్ బాధ. మనిషి మంచివాడు, తాగడు, కూతురంటే ప్రాణం పెడతాడు. కానీ ఆ కొండ మీద అతని చేతిలో కూతుర్ని పెట్టడానికి ఆమెకి ధైర్యం చాలడం లేదు. కట్టుకున్నవాణ్ణి నమ్మలేకపోవడం ఎంత నరకమో ఎవరితో చెప్పుకోవాలి?

చివరికి మూడో బండే ఖాయమైంది. నల్లగా, పొడుగ్గా, ఎక్కడానికి మెట్టు కావాల్సినంత ఎత్తుగా ఉంది. కొరీన్ డ్రైవరు తలుపు తెరిచి, లోపలి అంచున అంటించిన పసుపు కాగితం చదివింది. బండిలో మనుషులూ సామానూ ఎంత బరువు ఉండొచ్చో దాని మీద ఉంటుంది. ట్రైలర్ ముక్కు బండి మీద మోపే బరువు కూడా ఆ లెక్కలోంచే తీసెయ్యాలని చలికాలంలో చదువుకుంది.

"నీ పొట్ట కూడా ఇందులో లెక్కే" అంది మొగుడితో.

"దాన్ని ట్రైలర్‌లో కూర్చోబెడతాలే" అన్నాడు లైల్. ముగ్గురూ నవ్వారు. కొరీన్ నవ్వు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోయింది.

యార్డులో ట్రైలర్ తగిలించాక ఎలోయ్ కిటికీలోకి వంగాడు. "శిఖరం దాకా వెళ్ళి వెనక్కి రండి. మా దగ్గర కొనేవాళ్ళంతా చేసే పనే. సార్, దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించండి. ఇంజను ఆంబోతులా అరుస్తుంది, అరవనివ్వండి. బండిని పట్టుకునేది అదే. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి, అవసరమైనప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వదిలేయండి."

"నేను పుట్టిందే బళ్ళు లాగడానికి బాబూ" అన్నాడు లైల్.

"ఎక్కడ సార్?"

"నెబ్రాస్కా."

ఎలోయ్ కొండవైపు చూశాడు.

ఎక్కుతున్నంతసేపూ బండి వెన్నలా పోయింది. లైల్ ఒక చేత్తో తల్లి కట్టిచ్చిన పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టె తింటూ, "చూశావా? చూశావా?" అంటూనే ఉన్నాడు. కొరీన్ చూస్తూనే ఉంది. ఎదురుగా దిగివచ్చే లారీలు చూసింది. బ్రేకులు పోయిన లారీలు దూకి ఆగడానికి పక్కన కంకర పోసిన ఎత్తు దారి చూసింది. కంకరలో లోతుగా చక్రాల జాడలున్నాయి. ఎవడో పాపం, ఈమధ్యే దూకినట్టున్నాడు.

శిఖరం మీద ఖాళీ స్థలంలో బండి తిప్పి, లైల్ ఆపాడు. ఇంకా మంచు కరగని చోట్లనించి చలిగాలి కొడుతోంది.

"ఒక్క నిమిషం" అని దిగి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాడు. సీటు ముందుకి జరిపాడు. వెనక్కి జరిపాడు. అద్దాలు సరిచేశాడు. సరిగ్గా ఉన్నవాటినే మళ్ళీ సరిచేశాడు. దిగి ట్రైలర్ గొలుసులు లాగి చూసొచ్చాడు. ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు, అంతే, అలాగే కూర్చుండిపోయాడు.

"లైల్?"

అతని చొక్కా వీపున తడిసి అంటుకుపోయి ఉంది. అంత చలిలో!

"లైల్, ఏమైంది నీకు? గుండె నొప్పా?"

"నేను దిగలేను" అన్నాడు.

కొరీన్‌కి అర్థం కాలేదు. "ఏం దిగలేవు?"

"ఈ కొండ. నా వల్ల కాదు కొరీ." స్టీరింగు వదల్లేదు. "పోయినేడు బండిది తప్పు కాదు. పైనుంచి కిందిదాకా బ్రేకు మీదే నిలబడ్డాను. గేరు మార్చాలని కూడా తట్టలేదు. పెడలు అడుగంటినప్పుడు… కళ్ళు మూసుకున్నాను. మలుపులో! మీరిద్దరూ బండిలో ఉండగా! పెద్ద బండి కొంటే పోతుందనుకున్నాను ఈ భయం. ఇది కూడా చాలట్లేదు."

కొరీన్‌కి మొదట కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు. "ఏడాదా! ఏడాది పాటు బండిని తిట్టావా? మీ అన్నల ముందు మీసం మెలేశావా? మా ఆవిడకి ఒక్క ప్రశ్నే వచ్చని ఇందాక కన్ను కూడా కొట్టావు కదరా సన్నాసీ!"

"కొట్టాను" అన్నాడు లైల్, తల ఎత్తకుండా.

తలవంచుకున్న ఆ పెద్ద మెడని చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ వీడికి భయమంటే తెలియదనుకుని తను భయపడి చచ్చింది. వీడు తనకన్నా ఎక్కువ భయంతో ఒంటరిగా చస్తున్నాడు.

"సరే. అటువైపు దిగుదామా?" అని అడిగి, తనే నాలిక కరుచుకుంది. కనుమ శిఖరం మీద ఎటు చూసినా దిగుడే. ఎలోయ్‌ని పిలుద్దామంటే ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఎవరో ఒకరు దీన్ని కిందికి దించాలి.

"జరుగు" అంది.

"నువ్వా? నువ్వెప్పుడూ ట్రైలర్ లాగలేదు!"

"లాగలేదు. ఎలోయ్ చెప్పింది మాత్రం విన్నాను. నువ్వు వినలేదు."

సీటు మారారు. ఆమె పాదాలు పెడళ్ళకి అందేలా సీటు జరుపుకుంది. గేరు తగ్గించింది. దిగుడు మొదలవగానే వెనకనించి ట్రైలర్ నెట్టడం వీపుకి తెలిసింది. ఇంజను భయంకరంగా అరిచింది.

"బ్రేకు! బ్రేకు తొక్కు!"

"నోర్మూసుకో లైల్! అరుస్తున్నది ఇంజను, నువ్వు కాదు అరవాల్సింది!"

బండి జోరు పెరగలేదు. ఇంజను నిజంగానే పట్టుకుంది. స్పీడు ముల్లు పైకి పాకినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి, వదిలేసింది. మలుపు. అరచేతులు చెమటతో జారుతున్నాయి, జీన్సుకి తుడుచుకుందామన్నా స్టీరింగు వదలాలంటే భయం. వెనక బళ్ళు బారులు తీరాయి. ఒకడు హారన్ కొట్టాడు, ఇంకొకడు చెయ్యి బయటపెట్టి ఏదో సైగ చేశాడు. తిట్టుకోండి నాయనా, కడుపునిండా తిట్టుకోండి, అనుకుంది. మళ్ళీ మలుపు. పక్కన లోయ. లైల్ రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి, లేని బ్రేకుని తొక్కుతున్నాడు. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

"తర్వాతి మలుపు ఎడమకి" అన్నాడు కాసేపటికి, నెమ్మదిగా. "బాగా వంపు. ముందే తగ్గించుకో."

తగ్గించుకుంది. ఆ తర్వాత ప్రతి మలుపూ ముందే చెప్పాడు. ఏడాదిగా అతని నిద్రలో తిరుగుతున్న మలుపులే అవన్నీ.

చదును తగలగానే ఆమె పక్కకి తీసి ఆపింది. దిగింది. ట్రైలర్ పట్టుకుని చక్రం దగ్గరికి నడిచి, బ్రేకు కాలిపోతోందేమోనని దాని మధ్యభాగం మీద చెయ్యి వేసింది.

"లైల్, ఇటు రా."

వచ్చాడు. చెయ్యి పెట్టడానికి జంకి, వేలితో తాకి, తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించాడు. కాస్త వెచ్చగా ఉందంతే. తియ్యకుండా అలాగే ఉంచాడు.

"మార్లీకి ఏం చెప్పాలి?" అన్నాడు. "నాన్న భలే జోరుగా దించాడని స్కూల్లో అందరికీ చెప్పుకుంది అది."

"నిజం చెప్పు. ఇప్పుడే."

అతను ఫోన్ తీశాడు, స్పీకర్ పెట్టాడు. నెబ్రాస్కాలో నానమ్మ ఇంట్లో మార్లీ ఎత్తింది.

"బంగారూ… పోయినేడు కొండ దిగేటప్పుడు నాన్నకి చాలా భయమేసిందే. నువ్వేమో వెనకాల పాటలు పాడుకుంటున్నావు. నీకు తెలియలేదు."

"తెలుసు నాన్నా" అంది మార్లీ. "మీరిద్దరూ ఏం మాట్లాడట్లేదని పాడాను."

లైల్ అక్కడే రోడ్డు పక్కన గడ్డిలో కూలబడ్డాడు. కొరీన్ ఫోన్ అందుకుంది.

"ఈ జూలైలో అమ్మ దించుతుంది మార్లీ. నెమ్మదిగా."

"ఎంత నెమ్మదిగా?"

"వెనకవాళ్ళంతా తిట్టేంత."

"అయితే వస్తాను" అంది మార్లీ. "రానని నానమ్మకి నిన్నే చెప్పేశాను. ఇప్పుడు వస్తున్నానని చెప్పనా?"

"చెప్పమ్మా" అంది కొరీన్.