పదమూడో మనిషి

మా బావ సూరిబాబు ఎడం చేత్తో అన్నం తింటాడు. పట్టాళంలో పద్దెనిమిదేళ్ళు చేసి, హవల్దారుగా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. కుడి చేతికి ఏమైందంటే నరం లాగిందంటాడు. ఆ లాగిన నరంతోనే రోజుకు మూడొందల కొబ్బరికాయలు ఒలుస్తాడు, మోటారు సైకిలు తోలుతాడు, పేకాటలో నన్ను చిత్తు చేస్తాడు. అన్నం ముద్దకీ, దేవుడి పువ్వుకీ, అక్షింతలకీ మాత్రం ఆ చెయ్యి రాదు. అమలాపురంలో ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు ముత్యాల్లా ఉన్నాయన్నారు. పట్టాళంలో మొసలి కరిచిందని ఊళ్ళో కథ వదిలింది నేనే. ఏటా ఓ మూర పెరిగి ఆ మొసలి ఇప్పటికి తాటిచెట్టంతైంది.

పన్నెండు రోజుల్లో హేమ పెళ్ళనగా ఈ నవ్వులాట ఆగిపోయింది. "కన్యాదానం తమ్ముడూ మరదలూ చేస్తారు" అనేశాడు బావ. హేమ ఒక్కగానొక్క కూతురు. ఆలమూరు కుర్రాణ్ణి తనే ఇష్టపడి ఇంట్లో చెప్పింది. సంబంధం నచ్చకే నాన్న చెయ్యి వంక పెట్టుకున్నాడని దాని అనుమానం. మూడు రోజులుగా తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. నా చెల్లెలు పార్వతి ఏడ్చి ఏడ్చి, చివరకు మాజీ సైనికుల ఆసుపత్రికి ఫోను చేసింది.

వాళ్ళు పంపిన మనసు వైద్యం చేసే మనిషి జ్యోతిర్మయి గారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతిలో కాగితాల అట్ట. అరుగు మీద బావ ఎదురుగా కూర్చున్నారు. నన్నెవరూ పిలవలేదు గాని, నేనూ కూర్చున్నాను.

"నిద్ర పడుతోందాండీ?"

"ఆయ్, పడుతుందండి."

"టపాకాయ పేలితే ఉలిక్కిపడతారా?"

"లేదండి."

"పీడకలలు?"

"రావండి."

ఆవిడ ఆ కాగితం తీసి కిందపెట్టి, ఇంకోటి పైకి తెచ్చారు. "ఇందులో కొన్ని వాక్యాలున్నాయండి. మీకు ఎంతవరకు వర్తిస్తాయో చెప్పండి చాలు. 'నేను చేయకూడని పని చేశాను.' అసలు కాదా, కొంతా, పూర్తిగానా?"

"అసలు కాదండి."

"'నేను చేసినదానికి నన్ను నేను క్షమించుకోలేను.'"

"అసలు కాదండి."

మాట తడుముకోకుండా అంటున్నాడు. మోకాలి మీదున్న కుడి చేతి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. పార్వతి గుమ్మం పట్టుకుని నిలబడింది. వాతావరణం తేలిక చేద్దామని నేను నోరు తెరిచాను.

"చూడండమ్మా, మా బావ పైకి చెప్పడు గాని, ఉత్తరాదిన వరదలొచ్చినప్పుడు ఒక్క పడవలో అరవై మందిని తెచ్చేడు. వెనకాల మొసలి. ఓ చేత్తో మొసలి నోరు మూసి, ఇంకో చేత్తో…"

"పన్నెండుగురు."

బావ నా వైపు చూడలేదు.

"ఏంటి బావా?"

"అరవై కాదు, పన్నెండుగురు. పది మంది పట్టే రబ్బరు పడవ. గోదావరోడివి కదా, పడవ నీదే అన్నారు నన్ను. పన్నెండుగుర్ని ఎక్కించేను. నీళ్ళు అంచు దాకా వచ్చేసినాయి. పదమూడో ఆయన అంచు పట్టుకున్నాడు. పెద్దాయన. మీ వయసుంటుంది బావగారూ."

వీధిలో ఎవరిదో ఆటో పోయింది.

"ఇంకెవర్నీ ఎక్కించొద్దని వెనక పడవలోంచి ఆఫీసరు అరుస్తున్నాడు. పడవ ఓ పక్కకి ఒరిగిపోతోంది. ఇద్దరు చంటిపిల్లలున్నారు. 'బేటా' అన్నాడాయన నన్ను. ఈ చేత్తోనే ఆయన వేళ్ళు ఒక్కోటీ తీసేనండి. నాలుగు తీసేను. ఐదోది నా మొహం చూసి ఆయనే వదిలేసేడు."

ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయాను. "పన్నెండుగురు బతికేరు కదా బావా!"

"అందరూ అదే అంటారనే ఎవరికీ చెప్పలేదు. మెచ్చుకుంటూ కాగితం కూడా ఇచ్చేరు. అందులోనూ అదే ఉంది, పన్నెండుగురని."

జ్యోతిర్మయి గారు కలం మూత పెట్టేశారు. "అప్పుడు భయమేసిందాండీ?"

"భయమైతే బాగుండునండి. మీ దగ్గర మందుండేది."

"నిజమేనండి, దీనికి ఆ మందు పని చెయ్యదు. మీ తప్పేం లేదని నేను అనను. మీరు నమ్మరు."

బావ మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. "ఆ మొదటి వాక్యం మళ్ళీ చదవండి."

చదివారు.

"పూర్తిగానండి."

అప్పుడు చూశాను హేమని. శుభలేఖలకు పసుపు రాస్తూ లోపల కూర్చున్న పిల్ల, పసుపు వేళ్ళతోనే తల్లి వెనక నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలీదు. బావ కూడా చూశాడు. చూసి, ఆ చేతిని తొడ కిందకి నెట్టుకున్నాడు. ఆ క్షణంలో పిల్ల లోపలికి వెళ్ళిపోయి ఉంటే మా బావ ఇక ఈ లోకంలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గొప్పకి చెప్పడం లేదు.

హేమ వెళ్ళలేదు.

"ఆయన పేరేంటి నాన్నా?"

"తెలీదమ్మా."

"ఊరు?"

"ఊరు తెలుసు."

"వాళ్ళ వాళ్ళకి తెలుసా, ఆయనెలా పోయేడో?"

బావ తల అడ్డంగా ఊపాడు. "ఈ చెయ్యి నీ చెయ్యి పట్టుకుని ఇంకోళ్ళ చేతిలో ఎలా పెడుతుందే తల్లీ? ముందు వాళ్ళకి చెప్పాలి. ఎదురుగా నిలబడి చెప్పాలి."

పార్వతి గుండె మీద చెయ్యేసుకుంది. "తొమ్మిది రోజుల్లో పెళ్ళి పెట్టుకుని ఎక్కడికండీ! రానూపోనూ ఆరు రోజులు! వియ్యాలవారికి ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్తాను, ఆ పని నాకొదిలెయ్," అన్నాను. "తోడు కూడా నేనే వెళ్తాను."

జ్యోతిర్మయి గారు తొందరపెట్టలేదు, ఆపలేదు. "అక్కడ ఏం జరిగినా సరే, ఆ రోజు నాకు ఫోను చెయ్యాలి మీరు," అని మాత్రం అన్నారు. బావ ఆయ్ అన్నాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు.

"వాళ్ళు కొట్టొచ్చు. పోలీసుల్ని పిలవొచ్చు. ముహూర్తానికి నేను రాలేకపోతే?"

హేమ తల్లిని దాటి ఓ అడుగు ముందుకొచ్చింది.

"రాలేకపోతే బాబాయే చేస్తాడు నాన్నా. మీరెందుకు రాలేదో నాకు తెలుసు కదా."

పార్వతి కళ్ళు తుడుచుకుని, బావ బట్టలు సర్దడానికి లోపలికి వెళ్ళింది.