తీగ మీది చీర

రాతిబండ మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి, ఈరన్న చీపురుతో మూలల్లోకి నెట్టాడు. బండకు కాళ్ల వైపు చిన్న వాలు ఉంది. నీళ్లు అటే జారి జాలీలోంచి గుడగుడమంటూ దిగిపోయాయి. ఫినాయిల్ ఘాటుకు ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

పొట్టి మనిషి. మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి సగం ఆయుష్షు గడిపిన మోకాళ్లు నడకలో బయటికి వంగుతాయి. వేళ్లు మాత్రం ముసలివి కాలేదు. సన్నగా, పొడుగ్గా, కుదురు లేకుండా ఉంటాయి. ఖాళీగా కూర్చుంటే తువ్వాల కొసల దారాలు పేనుతుంటాయి.

మగ్గం అమ్ముకున్నాక గద్వాల దవాఖానలో శవాల గదికి కాంట్రాక్టు మీద చేరాడు. వాడకట్టులో ఎవరడిగినా ఆయనది మందుల స్టోరులో పని అని భార్య వసంత చెబుతుంది. ఆ అబద్ధానికి ఆయన ఏనాడూ అడ్డు చెప్పలేదు. మగ్గం మీద కొత్త పడుగు పోగులు అతకడానికి ఇప్పటికీ నలుగురూ ఆయన్నే పిలుస్తారు. శవాలు ముట్టే చేతులని తెలిస్తే గడప తొక్కనిస్తారా?

నిన్న సాయంత్రం వానలో అమూల్య శవం వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. బల్మూర్ నుంచి గద్వాలకు కోడలిగా వచ్చింది. ఫ్యాన్‌కు చీరతో ఉరేసుకుందని మొగుడు జయపాల్ చెప్పాడు. ప్రాణముందేమోనన్న ఆత్రంలో కానిస్టేబుల్ మహిపాల్ మెడకున్న ఉచ్చును ఒకపక్క కొడవలితో కోసి తీశాడట. ముడి మాత్రం ముట్టలేదు. ఆ చీర ముక్కను కవరులో పెట్టి తెచ్చి, తడిసి ఉంది, కవరులో బూజు పడుతుంది, నీడపట్టున ఆరెయ్యమని ఈరన్న చేతికిచ్చి పోయాడు.

ఈరన్న వెనక వరండాలో తీగ మీద ఆరేశాడు. నెమలికంఠం రంగు, జరీ అంచు. ఎవరి మగ్గం మీద దిగిందో అనుకున్నాడు. ఎంత బాగా నేసిన చీర, కొడవలితో కోశారే అనుకున్నాడు. ఆ ఆలోచనలోనే ఆయన వేళ్లు గోటితో ముడి వదులు చేసి, విప్పి, అరచేత్తో సాపు చేశాయి. గుడ్డలో ముడి ఉంచొద్దు, కట్టుకున్నదాని కడుపు ముడిపడుతుంది, కాన్పు కష్టమవుతుంది అని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట. ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరూ ముడిపడ్డ గుడ్డను చూసి ఊరుకోరు. విప్పినట్టు కూడా ఆయనకు గుర్తు లేదు.

పొద్దున డాక్టర్ స్వరూప వచ్చింది. పోస్టుమార్టం మొదలైంది. ఆమె అమూల్య మెడ మీది గీతను చాలాసేపు చూసింది. భూతద్దం పెట్టి మళ్లీ చూసింది. ఒక గీత మీద ఇంకో గీత ఉన్నట్టుంది అని మహిపాల్‌తో అంది. అతను ఫోన్లో తీసిన ఫోటో చూపించాడు. అందులో ముడికి జుట్టు అడ్డం వచ్చింది.

"ఉచ్చునే కొలవాలి," అంది డాక్టర్. "కోసిన కొసలు కలిపితే దాని చుట్టుకొలత తెలుస్తుంది. అందులోంచి ఈ పిల్ల తల దూరుతుందా లేదా చూడాలి. దూరకపోతే, మెడకు చుట్టినాక ముడేసిన్రని అర్థం. అప్పుడు ఎవరేసిన్రో అడగాలె. ఈరన్నా, ఆ చీర తే. ముడి ముట్టకు, ఎట్లున్నది అట్లనే పట్టుకొని రా."

ఈరన్న వరండాలోకి వచ్చాడు. తీగ మీద చీర ముక్క గాలికి మెల్లగా ఊగుతోంది. ఒక్క ముడత లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఉచ్చు ఎంత ఉండింది? జారుముడా, గట్టిముడా? వేళ్లను చూసుకున్నాడు. వాటికీ తెలియదు.

మళ్లీ వేస్తే?

చీర ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు ఒక కొసను రెండో కొస మీదికి తెచ్చాయి. ఎవరికి తెలుస్తుంది? కానీ ఎంత ఉచ్చు వెయ్యాలి? పెద్దది వేస్తే జయపాల్ ఇంటికి పోతాడు. చిన్నది వేస్తే జైలుకి పోతాడు. రెండూ తన చేతిలోంచే. ఈరన్న కొసలు వదిలేశాడు.

"కాకా."

వరండా మెట్ల దగ్గర జయపాల్. తెల్ల చొక్కా, నిద్రలేని కళ్లు. గొంతు మాత్రం మెత్తగా ఉంది.

"నిన్న నువ్వు ఆరేస్తుంటే చూసిన. మంచి పని చేసినవ్."

"తెల్వక చేసిన బిడ్డా..."

"తెల్వకనే. వానకు ఊడిందని చెప్పు, అయిపోతది. లేకుంటే నీ మీదికే వస్తది. నౌకరి పోతది, కేసయితది." ఒక మెట్టు ఎక్కాడు. "మీ వాడ మాకు దగ్గరనే గదా. వసంత చిన్నమ్మ మందుల స్టోరు అని చెప్పుకుంటదంట. చెప్పుకోనీ పాపం."

చొక్కా జేబులోంచి దస్తీ తీసి కళ్లు తుడుచుకుంటూ ముందువైపు వెళ్లిపోయాడు.

ఈరన్న గోడకు ఆనుకున్నాడు. పెళ్లాం ఉరేసుకుందని ఏడ్చే మగవాడు, ముడి ఊడినందుకు సంబరపడతాడా? ఈ మనిషి నిన్న వానలో, శవం లోపల ఉండగా, ఇక్కడే ఎక్కడో నిలబడి తన వేళ్లను చూస్తూ ఉన్నాడు. చూసీ ఆపలేదు.

లోపలికి పోవాలంటే అమృతమ్మను దాటాలి. అమూల్య తల్లి. తెల్లవారుజామున బల్మూర్ నుంచి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఏడుపు అయిపోయినట్టుంది. చీర ముక్కను చూసింది, ఆయన ముఖం చూసింది.

"అన్నా, నా బిడ్డకు బుగులెక్కువ. చీకట్ల బాయి దిక్కు ఒక్కతే పోకపోయేది. సూది చూస్తే కండ్లు మూసుకునేది. గసొంటిది గింత పని చేస్తదా?" కాస్త ఆగి అడిగింది. "డాక్టరమ్మకు అన్నీ తెలుస్తయంట గదా?"

ఈరన్న తల వంచుకుని లోపలికి వెళ్లాడు. వానకు ఊడింది అన్న మాట నాలుక మీదే ఉంది. రెండు మాటలు, ఎవరూ కాదనలేరు.

డాక్టర్ చేయి చాపింది.

"మేడం, ముడి లేదు," అన్నాడు ఈరన్న. "నేనే ఇప్పిన. ఆరేసేటప్పుడు చేతులు ఇప్పినయ్. ఎట్లుండెనో యాదికి లేదు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మహిపాల్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆరెయ్యమన్నది తనే గదా. ఈరన్న ఆపకుండా జయపాల్ అన్న మాటలు కూడా అప్పజెప్పాడు, మధ్యలో ఆపితే మళ్లీ ధైర్యం రాదని. వసంత చెప్పే అబద్ధం సంగతి కూడా చెప్పేశాడు.

డాక్టర్ చేతి తొడుగులు మార్చుకుని చీర ముక్కను కాగితం కవరులోకి జార్చింది.

"ముడి పడ్డచోట పోగులు ఒత్తుకుపోయి ఉంటే ల్యాబులో కనబడొచ్చు, కనబడకపోవచ్చు. మెడ మీది చర్మం కూడా పంపుతా. ఏం తేలుతుందో నేను చెప్పలేను." కవరు మూసి ఆయన వైపు చూసింది. "నువ్వు మళ్లీ ముడేసి తెచ్చుంటే మాత్రం, నేను దాన్నే కొలిచి రాసేదాన్ని."

ఆ మాటకు ఈరన్న తన వేళ్లను తువ్వాలలో చుట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి పెద్ద డాక్టర్ పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. పిలిచినప్పుడు సాక్ష్యానికి మాత్రం రావాలట. ఈరన్న తలూపాడు. అమూల్యను బండిలోకి ఎక్కించేటప్పుడు ఆఖరిసారి చెయ్యి వేశాడు. ఆమె బరువే లేదు. అమృతమ్మ పక్కన కూర్చుని బిడ్డ పాదాల మీద గుడ్డ సర్దింది. బండి అచ్చంపేట దారి పట్టింది. జయపాల్‌ను ఆ బండి ఎక్కనివ్వలేదు. మహిపాల్ అతని భుజం మీద చెయ్యి వేసి జీపు దగ్గరికి నడిపించాడు. అతను గొడవ చెయ్యలేదు. ఎక్కుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఈరన్నను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. గుర్తుపెట్టుకునే చూపు.

స్టేషన్లో ఈరన్న వాంగ్మూలం రాసుకున్నారు. బయట బల్ల మీద వాడకట్టువాడు నరేందర్ ఏదో పని మీద వచ్చి కూర్చున్నాడు. రెండు చెవులూ ఇటే ఉన్నాయి.

"నౌకరి ఏంది?" అని అడిగాడు రాసే కానిస్టేబుల్.

ఈరన్న నరేందర్‌ను చూశాడు. తర్వాత నేలను చూశాడు.

"శవాల గదిల," అన్నాడు.

పొద్దుగూకకముందే వదిలేశారు. దవాఖాన ముందు నుంచే ఇంటి దారి. రోజూ ఈ వేళకు వెనక కుళాయి కింద సబ్బుతో ఒళ్లంతా తోముకుని, వాసన పోయిందని రెండుసార్లు చూసుకుని గాని ఇంటికి వెళ్లేవాడు కాడు. ఇవాళ గేటు దగ్గర ఆగలేదు. ఒంటి మీది వాసనతోనే, దారిలోని జయపాల్ ఇంటి ముందు నుంచి, వెనక్కి చూడకుండా నడిచాడు.

కుళాయి గట్టు మీద, అరిగి వేలంత మిగిలిన ఎర్ర సబ్బు, ఎండకు నెర్రెలు విచ్చుతోంది.