కడిగేసిన మట్టి

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన పళ్ళెంలా ఉంది. కాలిఫోర్నియాలో ఆ చిన్న ఊరి కొండను రోజూ కమ్ముకునే పొగమంచు జాడే లేదు. సైకిల్ షాపు వెనక గొంతుక్కూర్చుని వీరభద్రం ఒక పాత సైకిల్‌ని సబ్బునీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దుతున్నాడు.

రెండు వేల ఎనిమిది దసరా అది. బాపట్ల బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్నన్నాళ్ళూ ఆ రోజున బస్సులు కడిగి బొట్లు పెట్టేవాడు. భార్య జయంతికి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చి, గ్లెన్ అనే ముసలాయన సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ నాలుగేళ్ళు గడిపాడు. ఇవాళ్టితో షాపు మూత. ముసలాయన సాయంత్రం ఒరెగాన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆయనకేమివ్వాలో తోచక, దూలానికి వేలాడే ఈ సైకిల్‌ని దించాడు. లావు టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, ఒళ్ళంతా అట్టకట్టిన ఎర్రమట్టి.

మట్టి ఓ పట్టాన వదల్లేదు. గోటితో గీకాడు. హ్యాండిల్‌కి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాడు.

గ్లెన్ వచ్చాడు. తెల్లజుట్టు పిలక, చేతిలో కాఫీ. నవ్వబోయి ఆగాడు.

"మట్టేదీ?"

"క్లీన్ చేశాను సార్. ఫర్ యూ. హ్యాపీ దసరా."

"అది డానీ మట్టి అని చెప్పానుగా వీరా. ఎన్నిసార్లు చెప్పాను!"

చెప్పాడు. సాయంత్రాలు బీరు సీసా పట్టుకుని చెప్తూనే ఉండేవాడు. డెబ్బైల్లో జుట్లు పెంచి, ఉద్యోగం సద్యోగం లేకుండా వ్యానుల్లో పడుకునే కుర్రాళ్ళు, పేపర్లేసే పిల్లల పాత సైకిళ్ళను ట్రక్కులో కొండెక్కించి కిందికి వదిలేవాళ్ళట. దిగేసరికి బ్రేకులో గ్రీజు పొగైపోయేదట. మళ్ళీ కూరి మళ్ళీ ఎక్కేవాళ్ళట. కొండ సైకిళ్ళు అలా పుట్టాయట. ఆ ఇంగ్లీషులో వీరభద్రానికి అందింది అంతవరకే. మిగతాదానికి "యా, యా" అని తలూపేవాడు. నవ్వాలనిపించిన చోట నవ్వేవాడు.

"డానీ ఎవరు సార్?"

గ్లెన్ అతని మొహంలోకి చూశాడు.

"నా తమ్ముడు. దీనిమీద ఆఖరున కొండ దిగినవాడు. ఆ వారమే పోయాడు." కాఫీ మెట్టు మీద పెట్టాడు. "అది చెప్పినప్పుడు నువ్వు నవ్వావు వీరా. బాధ తట్టుకోలేక నవ్వావనుకున్నాను."

వీరభద్రం తల నేలకేసి వంగిపోయింది.

ఆయన సామాను సర్దుకుంటుంటే, ఇతను మోకాళ్ళ మీద కూచుని కడిగిన నీళ్ళు పోయిన తూము దగ్గర చెంచాతో మట్టి గీకి కాగితం కప్పులోకి ఎత్తాడు. జేబులో ఫోను మోగింది.

"ఏమండీ, సైకిల్ చూసి ఏమన్నాడు మీ దొర?" జయంతి.

"బావుందన్నాడు."

"అన్నాడా, మీకలా అర్థమైందా?" అని నవ్వింది. "డబ్బాలో పులిహోర ఆయనకీ పెట్టండి."

ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ చెంచా అందుకున్నాడు.

సామాను వ్యానెక్కింది. చివర సైకిల్ ఎక్కింది. గ్లెన్ కుంకుమ తుడవలేదు. వీరభద్రం మట్టి ఉన్న కప్పు చాపాడు. ఆయన తీసుకుని, లోపలికి చూసి, మెట్టు మీద ఇద్దరి మధ్యా పెట్టాడు. ఒకే డబ్బాలోంచి పులిహోర తిన్నారు. ఆయన మిరపకాయలు ఏరి పక్కన పెట్టాడు. ఇతను తలెత్తలేదు. డబ్బా ఖాళీ అయ్యాక గ్లెన్ అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లేచి, వ్యాను నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

కప్పు మెట్టు మీదే ఉంది. ఎర్రమట్టిలో సబ్బునీళ్ళ తడి ఇంకా ఆరలేదు.