మూడు గదుల ఇల్లు

విడిపోదామని భార్యాభర్తలు ఒక నిర్ణయానికి వచ్చాక, పిల్లలకు ఎప్పుడు చెప్పాలన్నది పెద్ద సమస్య అయి కూర్చుంది. కొత్త సంవత్సరం వచ్చాక చెబుదామంది ఆమె. సరేనన్నాడు అతను. ఈలోగా క్రిస్మస్ సెలవులున్నాయి. మంచుకొండలకు తీసుకెళ్ళి స్కీయింగ్ నేర్పిస్తామని పిల్లలకు ఎన్నాళ్ళుగానో చెబుతూ, ప్రతి ఏడూ ఏదో ఒక వంకతో దాటేస్తూ వచ్చారు.

"ఈసారైనా వెళ్దామండీ. నలుగురం కలిసి వెళ్ళడం మళ్ళీ ఉండదు కదా," అంది ఆమె.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పెద్దకూతురికి పదిహేనేళ్ళు, ఇంట్లో 'పెద్దది' అంటేనే పలుకుతుంది. చిన్నదానికి ఎనిమిది. నిద్రలో తప్ప నోరు మూతపడదు గనుక దాన్ని 'పిచ్చుక' అంటారు.

ఆ దంపతుల మధ్య పెద్ద గొడవంటూ ఏదీ జరగలేదు. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయారని ఫోనొస్తే అతను కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయేవాడు. మొదట్లో ఆమె ఎదురుచూసేది. తర్వాత దెబ్బలాడేది. చివరికి రెండూ మానేసి, అన్నం మీద మూత పెట్టి పడుకునేది. అతనూ ఎక్కడికెళ్ళాడో, ఎవర్ని బయటికి తీశాడో చెప్పడం మానేశాడు. అలా ఏళ్ళు గడిచేసరికి, ఒకరి పక్కన ఒకరు కూర్చున్నా చెప్పుకోవడానికి మాటలు దొరకని స్థితికి వచ్చారు.

అలాంటి వాళ్ళకు ఈ ప్రయాణం మాటలు తెచ్చిపెట్టింది.

ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలు ఆమెకు నచ్చలేదు. "గుంపుతో పాటు లేవాలి, గుంపుతో పాటు తినాలి. పిచ్చుకకి కాలు నొప్పెడితే బస్సు ఆగుతుందా? అన్నీ మనమే చూసుకుందాం," అంది. దాంతో భోజనాల బల్ల మీద కంచాలు తీయగానే కొండల పటం పరుచుకునేది. రైల్లో వెళ్తే సామాను మోయలేమని అతనన్నాడు. కారులో వెళ్తే ఘాట్ రోడ్డు మీద చక్రాలు జారతాయని ఆమె అంది. చక్రాలకు గొలుసులు కట్టుకుంటే జారవని అతను తేల్చాడు. పెద్ద పెద్ద వాలులున్న చోటును ఆమె కొట్టేసింది. కొత్తవాళ్ళు నేర్చుకునే మెత్తటి వాలు, పక్కనే పిల్లలకు నేర్పే బడి, నడిచి వెళ్ళేంత దూరంలో వంటగది ఉన్న ఇల్లు, ఇవన్నీ ఉన్న ఊరొకటి ఇద్దరూ కలిసి వెతికి పట్టుకున్నారు.

"కొండ మీదికి తీసుకెళ్ళే తీగల కుర్చీ మధ్యలో ఆగిపోతే, నాన్నా?" అని అడిగింది పిచ్చుక.

"నేనుంటాను కదే. నా పనే అది."

"సెలవుల్లో కూడా పనేనా? అమ్మ తిడుతుంది."

ఆమె పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. పెద్దది మాత్రం పటం మీంచి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అమ్మానాన్నా ఇలా ఒకరి మాటకొకరు నవ్వుకోవడం చూసి ఎన్నాళ్ళయిందో దానికి గుర్తు రాలేదు.

స్కీయింగ్ బూట్లు అద్దెకిచ్చే దుకాణం వాళ్ళ ఊళ్ళోనే ఉంది. ఒక శనివారం నలుగురూ వెళ్ళి కొలతలు చూసుకున్నారు. ఆ బూట్లు రాతిగుండ్లలా ఉన్నాయి. ఆమె ఒకటి తొడుక్కుని, వంగి పట్టీ బిగించలేక ఆపసోపాలు పడుతుంటే, అతను నేల మీద మోకాళ్ళూని కూర్చుని ఒక్కొక్క పట్టీ బిగించాడు. "వేళ్ళు కదులుతున్నాయా? మడమ లేస్తోందా?" అని అడుగుతూ చీలమండ దగ్గర చేత్తో నొక్కి చూశాడు. పైనుంచి ఆమెకు అతని నడినెత్తి కనిపించింది. అక్కడ జుట్టు పలచబడింది. ఎప్పుడు పలచబడిందో ఆమెకు తెలియదు. చెయ్యి దానంతటదే ముందుకు సాగబోయింది. వెంటనే వెనక్కి తీసుకుని, "సరిపోయిందండీ," అంది.

దారిలో కారు నడుపుతూ అతనన్నాడు: "ఇన్నేళ్ళలో మనిద్దరం ఏ పనీ ఇంత పొందిగ్గా చేయలేదు."

ఆమె కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. వెనకసీట్లో పిల్లలున్నారు.

ఇక మిగిలింది ఇల్లు ఖాయం చేయడమే. ఒక సాయంత్రం ఆ ఊరి ఇంటి యజమానురాలికి అతను ఫోన్ చేశాడు. చేతిలో పటం ఉండటంతో ఫోన్ స్పీకరు మీద పెట్టి బల్ల మీద ఉంచాడు. పెద్దది పక్కగదిలో చదువుకుంటోంది.

"మీరెంతమంది?" అని అడిగింది యజమానురాలు.

"నేను, మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు."

"అయితే రెండు గదుల ఇల్లు ఇస్తాను. మీ ఇద్దరికీ ఒకటి, పిల్లలకొకటి. కిటికీలోంచి కొండంతా కనిపిస్తుంది."

"రెండు చాలవండీ. మూడు గదులు కావాలి."

"ఇంకెవరైనా వస్తున్నారా?"

అతను భార్య ముఖం చూశాడు. ఆమె తల దించుకుంది.

"లేదండీ. నలుగురమే. మూడు గదులుంటే చూడండి."

అవతల యజమానురాలు "అలాగేలెండి," అంది. ఆ గొంతులోని జాలి పక్కగదిదాకా వినిపించింది.

మర్నాడు పెద్దది స్కీయింగుకు రానంది. పరీక్షల గురించా అన్నారు, కాదంది. భయమా అన్నారు, కాదంది. వంటింట్లో తల్లి కూరలు తరుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "నాన్న ఎప్పుడు వెళ్ళిపోతున్నారు?" అని అడిగింది.

తల్లి చేతిలో కత్తి ఆగిపోయింది. హాల్లో ఉన్న తండ్రి లేచి వచ్చాడు.

"ఎవరు చెప్పారే?" అన్నాడు.

"మూడో గది ఎవరికో నాకు తెలీదా? నేనేం చిన్నపిల్లనా?" అంటూ తండ్రి వైపు తిరిగింది. "అందుకేనా ఇన్నాళ్ళూ ఇంత బాగున్నారు? నేను నిజమనుకున్నాను. మళ్ళీ బాగుపడ్డారనుకున్నాను. నా స్నేహితురాలికి కూడా చెప్పుకున్నాను."

"నిజమే తల్లీ. నటించలేదు మేము," అంది తల్లి.

"అయితే ఎందుకు వెళ్ళిపోతున్నారు?"

తల్లి కత్తి పక్కన పెట్టి భర్త వైపు చూసింది.

"అక్కడ వారం రోజులు మీరిద్దరూ మంచిగా ఉంటారు. ఫొటోలు తీసుకుంటారు. అదంతా అయిపోతోందని తెలిసి నేను పళ్ళికిలించుకుని నిలబడాలా? నావల్ల కాదు."

ఆ మాటలకు బొమ్మ చేతిలో పట్టుకుని పిచ్చుక వచ్చి నిలబడింది. ఇక దాచి లాభం లేదని, ఆ వంటింట్లోనే, నేల మీద కూర్చుని, దానికీ చెప్పారు. నాన్న వేరే ఇంట్లో ఉంటారనీ, శనాదివారాలు నువ్వూ అక్కా అక్కడికెళ్ళొచ్చనీ, ఎవరికీ ఎవరిమీదా కోపం లేదనీ చెప్పారు. పిచ్చుక అంతా విని, జీవితంలో మొదటిసారి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"మరి మంచుకి వెళ్ళమా?"

పెద్దది దాన్ని దగ్గరికి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తగ్గాక తనే ఒక దారి చెప్పింది. "వెళ్దాం. కానీ మీలో ఒక్కరే రండి. ఎలాగూ ఇకమీదట అంతే కదా."

నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని రెండు రోజులు వాదించుకున్నారు. ఒకరికోసం ఒకరు అంతగా పట్టుబట్టడం పెద్దదానికి మరీ బాధగా తోచింది. చివరికి అతనే, "నువ్వు ల్యాబులో సెలవు పెట్టేశావు. మంచు చూడాలన్నది నీ కోరిక కూడా. నేను ఈలోగా సామాను సర్దుకుంటాను," అన్నాడు. ఇంటి యజమానురాలికి ఈసారి ఆమె ఫోన్ చేసి, రెండు గదులు చాలని చెప్పింది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం, ఇంటిముందు పొడి రోడ్డు మీద, అతను ఆమెకు చక్రాలకు గొలుసులు కట్టడం నేర్పాడు. పక్కింటివాళ్ళు బాల్కనీలోంచి వింతగా చూశారు.

"మొదట చక్రం వెనకవైపునుంచి తీసుకోవాలి. మెలిపడితే మళ్ళీ మొదటికే. కొక్కెం తగిలించాక కాస్త ముందుకు నడిపి, దిగి మళ్ళీ బిగించు."

మొదటిసారి ఊడిపోయింది. రెండోసారి వేలు నొక్కుకుంది. "నేను కట్టనా?" అన్నాడు అలవాటుగా.

"వద్దు. అక్కడ మీరుండరు కదా."

అన్నాక తనకే ఆ మాట ఎక్కడో తగిలింది. రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయింది. అతను ఆమె వేలు తన చేతిలోకి తీసుకుని చూశాడు. రక్తం రాలేదు, కమిలింది. తర్వాత ఆమె చెయ్యి విడిపించుకుని, గొలుసు మళ్ళీ మొదటినుంచి కట్టింది. ఈసారి ఊడలేదు.

పొద్దున్నే కారు కదిలింది. పిచ్చుక వెనక అద్దానికి ముఖం ఆనించి చెయ్యి ఊపింది. పెద్దది ఊపలేదు గానీ, మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ ఉంది.

ఆ వారంలో అతను తన బట్టలు, పనిముట్లు కొత్త ఇంటికి చేర్చుకున్నాడు. అది రెండు గదుల వాటా. గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. పిల్లల గదికి, వాళ్ళకు ముందే చెప్పినట్టు, రెండంతస్తుల మంచం కొన్నాడు. దాని పలకలు నేలంతా పరుచుకుని బిగిస్తుండగా ఫోన్ మోగింది.

"నాన్నా, నేను పడిపోకుండా కిందిదాకా వచ్చేశాను!" పిచ్చుక అరిచింది. "అమ్మ ఎన్నిసార్లు పడిందో! టీచరు నవ్వాడు. అక్క కూడా నవ్వింది."

"అక్క నవ్విందా?"

"నవ్వింది. తర్వాత బాత్రూంలోకెళ్ళి ఏడ్చింది. నీకు చెప్పొద్దంది."

అవతల గలాటా జరిగి ఫోన్ పెద్దదాని చేతిలోకి వెళ్ళింది.

"అన్నం తిన్నావా, నాన్నా?"

"తిన్నానమ్మా," అన్నాడు. తినలేదు.

"నేను పై మంచం మీద పడుకుంటాను. పిచ్చుక కింద పడుకుంటుంది. దానికి నిద్రలో దొర్లే అలవాటు."

"అలాగే తల్లీ."

ఇంకేదో అనబోయి, "సరే, ఉంటాను," అని పెట్టేసింది. అతను ఫోన్ పక్కన పెట్టి, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మసకబారి స్క్రూ గాడి కనిపించలేదు. ముంజేత్తో తుడుచుకుని, వేలితో తడిమి గాడి ఎక్కడుందో చూసుకుని, బిగించడం మొదలుపెట్టాడు.