మూసిన గొట్టం

దేవుడి మీద భక్తితోనే బాలప్ప ఆ ఆదివారం కోట్లాది ప్రాణాలు తీశాడు. పాపం, ఆ సంగతి అతనికే తెలియదు.

దసరా దగ్గర పడిందంటే ఇస్నాపూర్ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలోనైనా ఇదే వరుస. ఆయుధపూజకు ముందు మిషన్లను రుద్ది రుద్ది కడుగుతారు. పండుగ నాడు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొడతారు. రాజశేఖర్ గారి ఆలుగడ్డ చిప్స్ ఫ్యాక్టరీలో ఈ కడిగించే పెత్తనం మొదటినుంచీ సూపర్‌వైజర్ బాలప్పదే. తొక్క తీసే మిషన్, కోసే మిషన్, వేయించే పెద్ద మూకుడు, ఎక్కడ జిడ్డు మరక కనబడినా మనిషి ఊరుకోడు. అమ్మవారు చూసే మిషన్ అద్దంలా ఉండాలంటాడు. ఈసారి ఉత్సాహం కాస్త ఎక్కువైంది. స్టోరులో ఉన్న బ్లీచింగ్ పౌడర్ బస్తాలన్నీ, ఫినాయిల్ డబ్బాలన్నీ బోర్లించాడు. కడిగిన నీళ్లన్నీ కాలువ వెంట నడిచి, ఫ్యాక్టరీ వెనకున్న శుద్ధి తొట్టిలో పడ్డాయి.

నీళ్ల శుద్ధి పని చూసుకునేది వనజ కాబట్టి ఆ తొట్టిని అందరూ ‘వనజ మేడం తొట్టి’ అంటారు. ఆలుగడ్డలు కడిగిన నీళ్లలో గంజి, మట్టి, నూనె కలిసి ఉంటాయి. తొట్టిలో కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయి. అడుగునుంచి గాలి ఊదుతూ ఉంటే అవి హాయిగా బతుకుతూ, ఆ గంజినంతా తినేసి నీళ్లను శుభ్రం చేస్తాయి. బ్లీచింగ్ పౌడర్ వాటికి విషం. రోజువారీ కడుగుడులో పడే చిటికెడు మందును ఎలాగో తట్టుకుంటాయి గానీ, బస్తాలకు బస్తాలు వచ్చి మీద పడితే ఏం చేస్తాయి?

సోమవారం పొద్దున్నే తొట్టి మెట్లెక్కుతుండగానే వనజకు తేడా తెలిసిపోయింది. రోజూ అక్కడ తడిసిన మట్టి వాసన వచ్చేది. ఇప్పుడు ఆసుపత్రి వరండా వాసన కొడుతోంది. గోధుమరంగులో ఉడుకుతున్నట్టుండే నీళ్లు తెల్లగా పాలిపోయి, పైన నురగ కట్టుకుని ఉన్నాయి. ల్యాబులోకి పరుగెత్తి ఒక చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఏదీ కదలడం లేదు. నిలబడ్డచోటే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరైనా నవ్వితే నవ్వనీ, తాను పెంచిన వాటికోసం తాను ఏడ్చింది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుని బాలప్పను పిలిపించింది.

“బాలప్పన్నా, నిన్న మిషన్లు ఏం పోసి కడిగిన్రు?”

“ఉన్నదంతా పోసిన మేడం. ఒక్క బస్తా గూడ మిగుల్చలే. సూసిన్రా, ఎట్ల మెరుస్తున్నయో!”

ఆమె సంగతి చెప్పింది. బాలప్ప మొహంలో మెరుపు కాస్తా ఆరిపోయింది. “అయ్యో, నాకు తెల్వది మేడం. పండుగ పని గదా అని...” అన్నాడు.

“తప్పు నీదొక్కనిదే కాదన్నా. రోజు కడిగేదానికి ఎంత మందు పొయ్యాల్నో బోర్డు రాసి పెట్టిన గని, పండుగ కడుగుడు సంగతి నాకు యాదికే రాలే. ఇగ ఏం చెయ్యాల్నో చూద్దాం.”

చూడ్డానికి వ్యవధి ఎక్కడిది? మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. శుద్ధి కాని నీళ్లు నిల్వ తొట్టిలో ఎగబాకుతున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికల్లా అది పొర్లుతుంది. పొర్లితే పోవడానికి ఉన్న దారి ఒక్కటే, వెనక గోడ కిందున్న పాత గొట్టం. అది నాలాలో కలుస్తుంది, నాలా మల్లన్నకుంటలో కలుస్తుంది. ఆ కుంట వనజ అత్తగారి ఊరిది.

ఒకప్పుడు చిప్స్ నీళ్లన్నీ ఆ గొట్టంలోంచే పోయేవి. కుంట కుళ్లి, గట్టు మీద నిలబడనిచ్చేది కాదు. బతుకమ్మ పండుగకు ఊళ్లో ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని పక్క ఊరి చెరువుకు పోయేవాళ్లు. ఎవరి ఊరి బతుకమ్మను ఎవరి నీళ్లలో వదలాలి? ఆ తలవంపులు వనజ కోడలిగా వచ్చిన కొత్తలో కళ్లారా చూసింది. ఉద్యోగంలో చేరాక రాజశేఖర్ గారి వెంటపడి తొట్టి పెద్దది చేయించింది. శుభ్రమైన నీళ్లను మళ్లీ గడ్డలు కడగడానికి, మొక్కలకు మళ్లించింది. చివరికి ఆ గొట్టాన్ని సిమెంటుతో మూయించింది. ఆఖరి తాపీ సిమెంటు వేసింది స్వయంగా రాజశేఖర్ గారే. నిరుడు ఊరి బతుకమ్మలు ఊరి కుంటలోనే దిగాయి. అత్త నర్సింహమ్మ అందరికన్నా ముందు నడిచింది.

మధ్యాహ్నం వనజ ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన రెండు ఫోన్లతో సతమతమవుతున్నాడు. దీపావళి సరుకు కోసం లారీలు వస్తున్నాయి.

“చిప్స్ లైన్ ఆపాలె సార్.”

“ఇప్పుడా? పిచ్చా నీకు?” అని, అంతా విన్నాక గొంతు తగ్గించాడు. “చూడమ్మా, ఆ గొట్టం తెరిపిస్తా. తొట్టి బాగయ్యేదాంక, అంతే. వాన గూడ పడుతున్నది, కొట్టుకపోతయి.”

“ఎల్లుండి సద్దుల బతుకమ్మ సార్. ఆడోళ్లు మోకాలి లోతు నీళ్లల్ల దిగుతరు.”

ఆయన కిటికీ వైపు చూశాడు. “లైన్ బందైతే ఆ ఊరోళ్లకే గదా పని పోయేది? జెర ఆలోచించు.”

“ఒక్కసారి తెరిస్తే ఇగ మూయం సార్. వచ్చేసారి ఇంకో పండుగ, ఇంకో లారీ. గొట్టం తెరిస్తే నేను రేపటి సంది రాను.”

ఆయన మోగుతున్న ఫోనెత్తాడు. మొండిదానితో వాదించి లాభం లేదని ఆయనకు తెలుసు. తాను అంతకన్నా మొండివాడినని కూడా తెలుసు.

మంగళవారం పొద్దున్న సన్నటి వాన. బాలప్ప గడ్డపార భుజాన వేసుకుని వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి, గొట్టం మూతి మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని వనజ కూర్చుని ఉంది.

“సార్ పంపిండు మేడం” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“తెలుసన్నా. నీ పని నువ్వు చెయ్. నేనైతే లేవ.”

బాలప్ప గడ్డపారను భుజం మీంచి దించాడు. అతని ఇల్లూ ఆ ఊళ్లోనే. కుంట మొహం చూడలేక ఆటో ఎక్కినవాళ్లలో అతని భార్యా ఉంది. గడ్డపారను గోడకు ఆనించి, పక్కనే ఇటుక మీద చతికిలబడ్డాడు. “నా చేతులతోటే పాడు జేసిన. మళ్ల ఇవే చేతులతోటి కుంటను గూడ ఎట్ల పాడు జెయ్యాలె?”

అంతలో రాజశేఖర్ గారు వచ్చారు. ఆయన వెనకే, అదే ఫ్యాక్టరీలో పిండివంటల విభాగాన్ని నడిపే అక్తరీ బేగం. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నది వనజ ఆమెకు తెల్లవారుతూనే ఫోనులో చెప్పింది.

“సార్, గడ్డలను కడిగితేనే ఈ నీళ్లొస్తయి, పిండిని కడిగేది లేదు. తొట్టి బతికేదాంక చిప్స్ ఆపుదాం. అందరినీ మురుకులు, చేగోడీల మీద పెడదాం. మనిషికీ పని ఉంటది, లారీకీ సరుకుంటది” అంది వనజ.

“నా ఆడోళ్లు రెడీ సాబ్” అంది అక్తరీ బేగం. “చిప్స్ పిలగాండ్లను గూడ ఇయ్యుండ్రి, జల్దీ నేర్పిస్త. పరేషాన్ కాకుండ్రి.”

“చిప్స్ అడిగినోళ్లకు మురుకులు పంపితే తీసుకుంటరా?” అన్నాడాయన.

“అందరూ తీసుకోరు సార్” అంది వనజ. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆయన కుర్చీ కింద సిమెంటు వైపు చూశాడు. దాని మీద ఆయన తాపీ గీత ఇంకా కనబడుతూనే ఉంది. “లే అమ్మా, తడుస్తున్నవ్” అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఫోన్ తీసి, మొదటి వ్యాపారిని ‘అన్నా’ అని బతిమాలడం మొదలుపెట్టాడు.

కొందరు సరేనన్నారు. అందరికన్నా పెద్ద వ్యాపారి మాత్రం లారీని ఖాళీగా వెనక్కి తిప్పుకుని పోయాడు. రాజశేఖర్ గారు ఆ రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వనజకూ బాధగానే ఉంది. అయినా గొట్టం తెరుచుకోలేదు, సిమెంటు పగలలేదు.

సాయంత్రం పక్కనున్న పాల ఫ్యాక్టరీ శుద్ధి తొట్టి నుంచి ఒక ట్యాంకరు నల్లటి బురద వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. “ఇదేం కంపు మేడం?” అన్నాడు బాలప్ప.

“తోడన్నా. పాలకు తోడు పెట్టినట్టే. ఇందుల బతికున్నయి, మన తొట్టిల పెరుగుతయి.”

“పాల ఫ్యాక్టరీ కాడికెల్లే తోడు తెచ్చిన్రన్నమాట!” అని బాలప్ప రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. పాత నీళ్లలో మిగిలిన మందు విరిగేదాకా గాలి ఊదించి, ఆ బురదను కొంచెం కొంచెంగా తొట్టిలో కలిపారు. నిల్వ నీళ్లను దానికి కొసరి కొసరి తినిపించారు.

సద్దుల నాడు చీకటి పడే వేళ ఊరి ఆడవాళ్లంతా తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలతో కుంట గట్టుకు చేరారు. ఫ్యాక్టరీలో ఏదో అయిందన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. అందరూ ఒడ్డునే ఆగిపోయారు. నర్సింహమ్మ కోడలి వైపు తిరిగింది.

“వనజా, దిగొచ్చా బిడ్డా?”

“దిగుండ్రి అత్తమ్మా” అని వనజ తానే ముందు నీళ్లలోకి నడిచింది.

దసరా పొద్దున్న తొట్టి మెట్ల మీద ఆమె ఆగిపోయింది. పలచగానే కానీ, తడిమట్టి వాసన వస్తోంది. మైక్రోస్కోపు కింద ఏవో రెండు మెల్లగా దొర్లుతూ కనబడ్డాయి. గాలి ఊదే మిషన్‌కు ఎవరో అప్పటికే బొట్టు పెట్టి, బంతిదండ వేశారు. ఈ ఫ్యాక్టరీలో దానికి ఇదే మొదటి పూజ.

కింద షెడ్డులో పనిముట్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఈసారి వాటిని కడిగింది వేడినీళ్లతోనే. స్పానర్లు, సుత్తెలు, వాటి చివర ఆ గడ్డపార. మిగిలినవాటికి ఒక్కో బొట్టుంటే దానికి నిలువెల్లా పసుపు, పైన పెద్ద కుంకుమబొట్టు.

“దానికెందుకన్నా అంత పెద్ద బొట్టు? అది ఏం పని చేసిందని?” అంది వనజ.

బాలప్ప కుంకుమ చేతులు దులుపుకున్నాడు.

“చెయ్యలేదు గదా మేడం. అందుకే పెట్టిన.”