పదో గుర్తు

ఆ చక్రాన్ని ఒక్కసారి సరిచూసి ఉంటే ఏం పోయేది అన్న అనుమానం టేపును పన్నెండేళ్లుగా వదల్లేదు. రాత్రింబవళ్లు వెంటపడి వేధించే అనుమానం కాదది. పరుగెత్తేవాడి బూటులో దూరిన ఇసుకరేణువు లాంటిది. ఆగి దులుపుకొనేంత పెద్దదీ కాదు, మరిచిపోయేంత చిన్నదీ కాదు.

టేపు అంటే తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ముప్ఫై నాలుగేళ్లు రోడ్ల శాఖలో కొలతల పని చేశాడు. నడుముకి ఎప్పుడూ టేపు వేలాడుతుండేది గనక ఆ పేరే అతుక్కుపోయింది. కోపమొస్తే ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది. యాభై దాటాక డాక్టరు బెదిరిస్తే పరుగు మొదలుపెట్టాడు. ఇప్పుడు అరవై నాలుగు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోవడం, బూట్లు తొడుక్కోవడం, ఈ రెండూ మానిన రోజు లేదు.

మొదట్లో టేపుకి పరుగులో తోడు దువ్వెన అనే స్నేహితుడు. సెలూన్ నడిపేవాడు. పరుగెత్తేటప్పుడు కూడా చొక్కా జేబులో దువ్వెన ఉండాల్సిందే. "జుట్టు రేగిన మొహంతో కనిపిస్తే నా షాపుకి ఎవడొస్తాడ్రా?" అనేవాడు. రైలు పట్టాల పక్కన పోయే రోడ్డు మీద, పిండిమిల్లు గేటు దగ్గర మొదలుపెట్టి పాత గోడౌన్ల దాకా పరుగెత్తేవాళ్లు. తిరుగుప్రయాణం బస్సులో. చెమటతో తడిసిన ఇద్దరినీ చూసి కండక్టరు, "వచ్చినట్టే పోవచ్చుగా, నా సీట్లెందుకు తడపడం?" అని రోజూ విసుక్కునేవాడు. రోజూ వాళ్ల కోసం బస్సు ఆపేవాడు కూడా.

ఆ రోడ్డు మీద పది కిలోమీటర్లకి పది గుర్తులు పెట్టింది టేపే. శాఖ పారేసిన పాత కొలత చక్రం ఒకటి ఇంట్లో పడి ఉండేది. ఒక్క చుట్టు తిరిగితే ఒక్క మీటరు. దాని రబ్బరు ఊడిపోతే సైకిల్ షాపులో కొత్తది వేయించాడు. రబ్బరు మార్చినప్పుడు చక్రాన్ని స్టీలు టేపు పక్కన వంద మీటర్లు నడిపి సరిచూడాలి. ఆ తర్వాతే దాని మాట నమ్మాలి. పనిలో చేరిన ప్రతివాడికీ ఆ పాఠం చెప్పిందీ, మరిచిపోయిన ప్రతివాణ్ణీ తిట్టిందీ టేపే. ఆ రోజు మాత్రం ఎండ మాడ్చేస్తోంది. దువ్వెన రంగు డబ్బా పట్టుకుని, "కానియ్‌రా బాబూ, రంగు గడ్డకడుతోంది" అని తొందరపెడుతున్నాడు. మనిద్దరం పరుగెత్తుకునే రోడ్డే కదా, ఇదేమన్నా సర్కారు లెక్కా అనుకున్నాడు టేపు. సరిచూడలేదు.

ఆ గుర్తుల మీద దువ్వెన పందెం కాశాడు.

"పది కిలోమీటర్లు యాభై నిమిషాల లోపు కొట్టాననుకో, నువ్వు నాకు గడ్డం గీయాలి."

"నేనా? నీకా?"

"ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్లందరి చెంపలూ నున్నగా చేశాను. నా చెంప మీద ఇంకొకడి చెయ్యి పడలేదు. ఒక్కసారి నా కుర్చీలో నేనే కూర్చుని, కళ్లు మూసుకుని, నీచేత గీయించుకోవాలి. తెగినా ఫర్వాలేదు."

ఏడాది పాటు కష్టపడ్డాడు. పొట్ట తగ్గించాడు, సిగరెట్టు మానేశాడు. యాభై రెండున్నర నుంచి యాభై ఒకటికి వచ్చాడు. చివరికి ఒకరోజు యాభై నిమిషాల యాభై సెకన్లకి పదో గుర్తు దాటి, గోడౌను గోడకి ఆనుకుని వాంతి చేసుకున్నాడు. అంతకన్నా ఒక్క సెకను కూడా తగ్గలేదు. నెలరోజులు తంటాలు పడ్డాక బస్సులో మెల్లగా అడిగాడు.

"ఒరేయ్, నీ చక్రం సరిగ్గానే ఉందంటావా?"

టేపుకి ఒళ్లు మండింది. తను సరిచూడలేదన్న సంగతి గుర్తొచ్చినందుకే ఇంకా మండింది.

"ముప్ఫై ఏళ్లు రోడ్లు కొలిచినవాణ్ణి, నన్నే అడుగుతావా? చక్రం సంగతి తర్వాత, ముందు నీ కాళ్ల సంగతి చూసుకో."

బస్సంతా విన్నది. కండక్టరు కూడా నవ్వాడు. దువ్వెన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు వచ్చాడు, ఆపైన రాలేదు. అడిగితే, "షాపులో రద్దీ" అన్నాడు. కొన్నాళ్లకి సిగరెట్టు మళ్లీ వేళ్ల మధ్యకొచ్చింది, పొట్ట చొక్కా బొత్తాల దాకా వచ్చింది. రెండేళ్ల కిందట కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి, మాట పోయింది. టేపు రెండుసార్లు చూసొచ్చాడు. తనని చూసి ఆ మనిషి ఏదో అనబోయి అనలేక ఏడిస్తే, మూడోసారి వెళ్లడానికి కాళ్లు రాలేదు. పరుగు మానకపోయుంటే దువ్వెన బాగుండేవాడా? అది దేవుడికే తెలియాలి. తెలిసినా ఆయన చెప్పడు.

ఈ ఏడాది ఊళ్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడుతున్నారంటే టేపు పేరు ఇచ్చాడు. దూరం చూపించే గడియారమొకటి కూతురు కొనిచ్చింది. పరుగు ఇంకా వారం ఉందనగా, ఆ గడియారం పెట్టుకుని పాత దారిలో వెళ్లాడు. పదో గుర్తు కాలి కింద ఉంది. గడియారంలో పది పాయింట్ మూడు ఒకటి.

గడియారాన్ని తిట్టుకున్నాడు. ఇంటికొచ్చి అటక మీంచి స్టీలు టేపు దించి, కొస పట్టుకోవడానికి భార్యని వెంటబెట్టుకుని పిండిమిల్లు దగ్గరికి బయల్దేరాడు.

"ఈ వయసులో నడిరోడ్డు మీద నాచేత కొలతలేంటండీ? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"ప్లాటు కొంటున్నామనుకుంటారు. గట్టిగా పట్టుకో."

ముప్ఫై మీటర్ల టేపు ముప్ఫై నాలుగుసార్లు పరిచినా మొదటి గుర్తు ఇంకా పదకొండు మీటర్ల అవతల ఉంది. వెయ్యి అని తను రంగు వేసిన చోటు వెయ్యీ ముప్ఫై ఒకటి. కొత్త రబ్బరు ఐదు మిల్లీమీటర్లు మందం ఎక్కువ, అంతే. ఒక్కో చుట్టుకీ చక్రం మీటరు దాటి మూడు సెంటీమీటర్లు పోతూ, మీటరని మాత్రమే చెప్పింది.

ఫుట్‌పాత్ మీద కూలబడి, మందుల చీటీ వెనక లెక్క వేశాడు.

"నలభై తొమ్మిది నిమిషాల పద్దెనిమిది సెకన్లు."

"మీదా?"

"దువ్వెనది."

ఆవిడకి పందెం సంగతి తెలుసు. స్టీలు టేపు చుట్టి, చీర కుచ్చిళ్లకి అంటిన దుమ్ము దులుపుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది టేపుకి.

మర్నాడు పొద్దున దేవుడికి చెప్పుకున్నాడు. నాదే తప్పు స్వామీ, క్షమించు అన్నాడు. మనసు తేలికపడలేదు. దేవుడికి చెప్పడం సులువు, ఆయన ముఖం చిన్నబోదు కదా అనిపించింది. అలా నాలుగు రోజులు చెప్పాడు. ఆ నాలుగు రోజులూ ఐదు కిలోమీటర్లకే కాళ్లు బరువెక్కి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

శనివారం మధ్యాహ్నం చొక్కా తొడుక్కుంటుంటే భార్య అడిగింది.

"పరుగు నంబరు తెచ్చుకోడానికేనా? ఐదింటికి కౌంటరు మూసేస్తారట, నంబరు లేకుంటే రేపు పరుగెత్తనివ్వరు."

"దువ్వెన దగ్గరికి."

"రేపు పరుగయ్యాక వెళ్దురుగాని."

"అయ్యాక అంటూనే పన్నెండేళ్లు అయ్యాయి."

దువ్వెన ఇల్లు సెలూన్ వెనకే. షాపు అద్దెకి ఇచ్చేశారు. పాత కుర్చీ మాత్రం లోపలి గదిలో కిటికీ పక్కన వేసి, అందులోనే కూర్చోబెట్టారు. తెల్లటి గడ్డం గుండెల దాకా దిగింది. ఎప్పుడూ నీటుగా ఉండే మనిషిని అలా చూడలేక టేపు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఎవర్నీ ముట్టుకోనివ్వడన్నయ్యా," అంది దువ్వెన భార్య. "షాపు కుర్రాళ్లని పిలిస్తే మొహం తిప్పేసుకుంటాడు. కత్తెర కనిపిస్తే అరుపులు. ఇన్నాళ్లకి దారి తెలిసిందా మీకు?"

"తప్పిపోయానమ్మా."

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఒరేయ్, నా చక్రం తప్పు. నేను సరిచూడలేదు. నువ్వడిగిన రోజే నాకు అనుమానం. నిన్న కాక మొన్న కొలిచాను. మన పదో గుర్తు పదికి మూడు వందల మీటర్లు అవతల ఉందిరా. నీ యాభై యాభై, నిజానికి నలభై తొమ్మిది పద్దెనిమిది. నువ్వు గెలిచావు. నేనే నీ కాళ్లని తిట్టాను."

దువ్వెన కళ్లార్పకుండా చూశాడు. అర్థమైందో లేదో తెలియలేదు. ఇంతలో ఎడమ చెయ్యి లేచి టేపు చొక్కా కాలరు పట్టుకుంది. బలం లేదు గాని వదల్లేదు. గొంతులోంచి పూడుకుపోయిన శబ్దమొకటి వచ్చింది. కళ్ల నీళ్లు గడ్డంలోకి దిగిపోయాయి. టేపు కదల్లేదు. కొట్టగలిగితే బాగుండు, కొట్టించుకుందును అనుకున్నాడు.

"అప్పుడే చెప్పి ఉంటే..." అంది ఆవిడ గోడకి ఆనుకుని. "యాభై లోపు రాలేదని ఎన్నాళ్లు అన్నం సరిగ్గా తినలేదో మీకు తెలుసా? ముసలాణ్ణైపోయానే, ఇంక నావల్ల కాదే అనేవాడు. నలభై తొమ్మిదేళ్లకి ముసలాడేంటయ్యా అని నేను నవ్వేదాన్ని."

ఎంతసేపటికో కాలరు మీద పట్టు సడలింది. దువ్వెన చెయ్యి తన గడ్డం మీదికి వెళ్లింది. రెండు వేళ్లతో దాన్ని పట్టుకుని, టేపు వైపు చూశాడు. ఆపైన తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

"మీరే గీయాలంటున్నాడు," అంది ఆవిడ.

ముందు కత్తెరతో పొడవంతా తీశాడు. క్రీము తీసి పూయబోతే దువ్వెన ముఖం చిట్లించాడు.

"నీ... నీళ్లు," అని అతికష్టం మీద పలికాడు.

"వేడినీళ్లన్నయ్యా. తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచాలి. లేకపోతే వెంట్రుక మెత్తబడదు. షాపులో అందర్నీ తిట్టేవాడు దీనికి."

గుడ్డ తడిపి కప్పాడు, చల్లారితే మళ్లీ తడిపాడు. బ్రష్షుతో నురగ తెప్పించాడు. రేజరు నిటారుగా ఆనించబోతే దువ్వెన కళ్లు తెరవకుండానే ఎడమ చేత్తో ఆ మణికట్టు పట్టుకుని కొంచెం వంచాడు. అక్కణ్ణుంచి బ్లేడు జారినట్టు నడిచింది. చెంపలు, పైపెదవి, పడిపోయిన కుడివైపు వదులు చర్మం ఒక వేలితో బిగబట్టి దవడ. ఒకచోట తెగింది. "తెగినా ఫర్వాలేదన్నావుగా," అన్నాడు టేపు. దువ్వెన పెదవి ఎడమ కొస కొంచెం కదిలింది.

గోడ గడియారం ఐదూ పది చూపిస్తోంది. టేపు ఒకసారి చూసి, నీళ్లు మార్చుకోవడానికి లేచాడు.

నురగ తుడిచేసరికి కింద మనిషి బయటపడ్డాడు. చిక్కిపోయాడు, సగం ముఖం జారిపోయింది, అయినా దువ్వెనే. అతను ఎడమ చెయ్యెత్తి, పనివాడు చూసుకున్నట్టు, కింద నుంచి పైకి తన చెంప మీద వేళ్లు నడిపాడు. చెవి కింద వేళ్లు ఆగాయి. టేపు అక్కడ మళ్లీ నురగ పెట్టి మళ్లీ గీశాడు. దువ్వెన ఇంకోసారి తడిమి చూసుకున్నాడు. ఈసారి వేళ్లు ఎక్కడా ఆగలేదు.