పేరు కొట్టించిన డబ్బా

కొర్ర గడప తట్టుకుని పడిన రోజున నేను నవ్వాను. పిల్లి గడప తట్టుకోవడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మూడో రోజు అది నేరుగా వెళ్లి నీళ్ల బిందెను గుద్దుకుంది. అప్పుడు నవ్వు రాలేదు.

కొర్రను పెంచింది నా భార్య గంగాదేవి. 1995లో, మేము పెనుకొండలో ఈ ఇంట్లోకి మారిన ఏడాది, అటక మీద ఒంటరిగా అరుస్తుంటే దించి పాలు పట్టింది. ఒళ్లంతా కొర్రల రంగు కాబట్టి ఆ పేరు పెట్టింది. మాకు పిల్లలు లేరు. గంగాదేవి పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో ఆమెను ఎరిగిన ప్రాణం నేను కాక ఇదొక్కటే మిగిలింది.

మా ఇంట్లో మాంసం వండరు. అది నేను పెట్టిన నియమం. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి ఈ నియమం పట్టుకున్నందుకు మా వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నాకు పదకొండేళ్లప్పుడు నేను పెంచిన పొట్టేలును జాతరలో కోశారు. నేను అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మా అవ్వ ఆ సంగతి చెప్పింది. ఆ రోజు నుంచి ముట్టలేదు. పెళ్లయ్యాక గంగాదేవి కూడా మానేసింది. అడిగి మాన్పించానా, చెప్పి మాన్పించానా అని ఇప్పుడు ఆలోచిస్తే, చెప్పే మాన్పించాను.

పిల్లి విషయంలోనూ ఒకటే మాట చెప్పాను. ఈ ఇంట్లో మనం తినేదే అదీ తినాలి, లేదంటే చెరువు కట్ట మీద విడిచి వస్తాను అన్నాను. గంగాదేవి సరేనంది. కొర్ర నా కళ్ల ముందే పెరుగన్నం తినేది. నున్నగా, చురుగ్గా పెరిగింది. నాకు అది గర్వంగా ఉండేది. బడిలో ఏడో తరగతికి అలవాట్ల గురించి పాఠం చెప్పేటప్పుడు మా పిల్లినే ఉదాహరణగా తీసుకునేవాణ్ణి. పుట్టుకతో మాంసం తినే జంతువే మారగలిగితే మనిషి మార్చుకోలేని అలవాటు ఏముంటుంది అనేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా వినేవారు. కొందరు తల వంచుకునేవారు. ఆలోచనలో పడ్డారనుకునేవాణ్ణి.

గంగాదేవి పోయాక అదే పళ్లెంలో అదే పెరుగన్నం పెడుతూ వచ్చాను. కొర్ర చిక్కిపోయింది. బొచ్చు గరుకెక్కింది. పెరట్లోకి వెళ్లి గంటల కొద్దీ అరిచేది. దానికీ దిగులే అనుకున్నాను. ఇద్దరం ఒకే దుఃఖంలో ఉన్నామనుకుని, నిజం చెప్పాలంటే, కొంత ఊరట పొందాను.

బిందెను గుద్దుకున్న మర్నాడు దాన్ని కూరగాయల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, హిందూపురం బస్సెక్కాను. అక్కడ జయచంద్ర అనే పశువుల డాక్టరు ఉన్నాడని విన్నాను. చిన్న వయసు. నేను రిటైరైన టీచరునని చెప్పాను. కొర్ర కళ్లలోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

“ఏం పెడతాండారు సార్ దీనికి?”

“పెరుగన్నం. ఒక్కోసారి పాలన్నం.”

“ఎన్నాళ్ల నుంచి?”

“పదేళ్ల నుంచి.”

టార్చి ఆర్పేశాడు. “అట్లయ్యేది లేదు సార్. పిల్లి కంటికీ గుండెకీ కావాల్సిన సత్తువ మాంసంలోనే ఉంటాది. ఉత్త పెరుగన్నమే తినింటే ఈ కండ్లు ఎప్పుడో పోయుండాల. ఇది ఈ ఏడాదిలో తగిలిన దెబ్బ. అంతకుముందు ఎవురో దీనికి బాగా పెట్టినారు.”

“మా ఇంట్లోకి మాంసం రాదు.”

“మీకు తెలిసి రాలేదేమో సార్,” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు.

చూపు తిరిగొస్తుందా అని అడిగాను. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు, ఆలస్యం చేస్తే గుండె కూడా పోతుంది అన్నాడు.

“బెంగళూరులో పిల్లి మేత పాకెట్లు అమ్ముతారు. మీ పింఛను దానికే చాలదు, వద్దు. కోడి గుండెకాయలు పెట్టండి, పచ్చివే. ఉడకబెడితే సగం సత్తువ నీళ్లలోకి పోతాది. కార్జం, అదే లివరు, వారానికి రెండు తూర్లు, అంతే. మెడ ముక్కలు దంచి వేయండి. ఒక్కసారిగా మార్చొద్దు, కడుపు చెడతాది. ముందు అన్నంలో రవ్వంత కలిపి, పదైదు రోజుల్లో అన్నం తగ్గించుకుంటా రాండి. గుండెకాయలు ఎవురూ అడగరు సార్. అగ్గువకే ఇస్తారు.”

తిరుగు బస్సులో బుట్ట ఒళ్లో పెట్టుకుని, ఎవరు పెట్టి ఉంటారా అని ఆలోచించాను. పక్కింటి వాళ్లు అనుకున్నాను. వెనక వీధి వాళ్లు అనుకున్నాను. సోమందేపల్లి దాటేదాకా అందరినీ అనుకున్నాను, ఒక్కరిని తప్ప.

మంగళవారం పూట కోడి అంగట్లో జనం తక్కువ ఉంటారని మంగళవారమే వెళ్లాను. అంగడి నాగన్నది. వాళ్ల నాయన తర్వాత అతనే నడుపుతున్నాడు. నా దగ్గర ఏడో తరగతి చదివాడు. నన్ను చూసి కత్తి పట్టుకున్న చేత్తోనే నమస్కారం పెట్టబోయి ఆగాడు.

“ఏం సార్, దావ తప్పినారా?”

బెంచీ మీద కూర్చున్న మనిషి అందుకున్నాడు. “లే నాగా, సార్ నీ కోళ్లకు హాజరు పిలిచేకి వచ్చినాడు. గమ్మున నిలబెట్టు వాటిని.”

“పిలిచేలోపల సగం గైరుహాజరు అయితాయి లేప్పా,” అన్నాడు నాగన్న.

నేను కూడా నవ్వాలనుకున్నాను. వాసనకు నోరు తెరవలేకపోయాను. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అన్నాను. “గుండెకాయలు కావాలి. పావు కిలో. పిల్లికి.”

“కొర్రకా సార్?”

పేరు నేను చెప్పలేదు.

అంగడి వెనక వైపు ఎస్తేరమ్మ కూర్చుని కందనకాయలు శుభ్రం చేస్తోంది. నాగన్న వాళ్ల నాయన కాలం నుంచి అక్కడే పని చేస్తున్న పెద్దామె. ఆమె చేతులు ఆగిపోయాయి.

“పేరు నీకెట్లా తెలుసు, నాగన్నా?”

“పదేండ్లుగా మేమే కద సార్...”

“నువ్వు నోరు మూసుకో నాగా,” అంటూ ఎస్తేరమ్మ లేచింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. “అమ్మ పోయినాక ఆ పిల్లి ఏం తింటాండాదో అని నేను అనుకుంటానే ఉంటి సార్. మీ ఇంటికాడికి వచ్చి అడిగేకి నాకు మొగం చెల్లలేదు.”

“రోజూ వచ్చేదా?”

“రోజు మార్చి రోజు. కూరగాయలకు పోతా పోతా. అంగట్లోకి మాత్రం రాదు. ఆ సందులో నిలబడితే నేనే ఇస్తాంటి. చేత్తో ముట్టేది కాదు సార్, మొదట్లో. తర్వాత తర్వాత ముట్టింది.”

నాగన్న తల గోక్కున్నాడు. “కోపం చేసుకోవద్దండి సార్. మీరు పిల్లి పాఠం చెప్తాంటే, పొద్దున్నే మా నాయన మీ ఇంట్లో అమ్మకు కట్టిచ్చింది నేను చూసి వచ్చింటి. ఎనక బల్లలోళ్లకు అందరికీ చెప్పేసింటి. నవ్వు ఆపుకోలేక తలలు కిందికి పెట్టుకుంటాంటిమి.”

అందులో దాచుకోవడం ఏమీ లేదు. ఏళ్ల తర్వాత చెప్పుకునే బడి ముచ్చటలా చెప్పాడు. నాకు ఆ వెనక బల్లల్లోని ముఖాలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి.

ఎస్తేరమ్మ పై బండ మీద నుంచి ఒక స్టీలు డబ్బా దించింది. “పోయినేడు ఉగాదికి ముందు అమ్మ ఇచ్చిపోయింది. మళ్లీ రాలేదు. తోమి పెట్టిండా. ఎవురికీ వాడలేదు సార్, దేవుని తోడు.”

మూతకు రెండు పక్కలా క్లిప్పులున్న డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది: ముత్యాలప్ప సార్‌కు, ఏడవ తరగతి, సోమందేపల్లి, 1991.

ఆ డబ్బా గురించి చెప్పాలి. సోమందేపల్లి నుంచి పెనుకొండకు బదిలీ అయినప్పుడు అక్కడి పిల్లలు తలా కొంచెం వేసుకుని, నా పేరు కొట్టించి ఇచ్చారు. దాన్ని నేను వాడలేదు. అల్మారాలో పెట్టుకున్నాను. 1996లో ఒకరోజు చూస్తే లేదు. ఆ వారమే మా బడి అటెండరు వెంకటేశులు మా ఇంటికి వచ్చి అటక మీది సామాన్లు దించిపెట్టాడు. గంగాదేవిని అడిగాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. “ఏమో, నాకేం తెలుసు,” అంది. తల ఎత్తలేదు.

నేను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. వెంకటేశులును ఒక్క మాట అనలేదు. బడి తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి అని హెడ్మాస్టరుతో మాత్రం అన్నాను. అతను పలకరిస్తే కాగితాల్లోకి చూస్తూ జవాబిచ్చేవాణ్ణి. మరుసటి ఏడు అతను అడిగి ధర్మవరం బదిలీ చేయించుకున్నాడు. వెళ్లేటప్పుడు ఇంటికి రాలేదు. నేను అనుకున్నదే నిజమని అప్పుడు నిశ్చయించుకున్నాను.

ఇప్పుడు ఆ డబ్బా నా చేతిలో ఉంది. అందులో పావు కిలో గుండెకాయలు వేసి, క్లిప్పులు బిగించి ఎస్తేరమ్మ ఇచ్చింది. చుక్క కారలేదు. వాసన బయటికి రాలేదు. గంగాదేవి దీన్నే ఎందుకు తీసుకుందో అర్థమైంది. ఒకసారి మాంసం వేశాక దాన్ని తిరిగి నా అల్మారాలో పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదన్నదీ అర్థమైంది. అర్థమైనందువల్ల ఏమీ తేలిక పడలేదు.

ఆ పూట కొర్రకు వంటింట్లో, ఎప్పటి పళ్లెంలోనే, అన్నంలో చెంచాతో కొంచెం కలిపి పెట్టాను. అన్నం వదిలేసి మాంసం మాత్రం ఏరుకుని తింది. మర్నాడు డబ్బా కడిగి సంచిలో పెట్టుకుని ధర్మవరం రైలెక్కాను.

వెంకటేశులు మగ్గాల వీధిలో అత్తగారి ఇంటి పక్కనే ఉంటున్నాడు. జుట్టు నెరిసింది.

“సార్! రాండి, రాండి. అమ్మ సంగతి ఆలస్యంగా తెలిసింది. రాలేకపోతి. లే, సార్‌కు కుర్చీ వేయండి.”

సంచిలోంచి డబ్బా తీసి అరుగు మీద పెట్టాను. అతను చూసి చిన్నగా నవ్వాడు.

“ఇదింకా ఉండాదా?”

అంటే ఇతనికీ తెలుసు.

“ఆ నెలలోనే అమ్మ మా ఇంటికి వచ్చి చెప్పింది సార్. ఏడ్చింది. నీ మీద మచ్చ పడకూడదు, సార్‌తో చెప్పేస్తా అనింది. నేనే వద్దంటి. చెప్తే ఆ పిల్లి చెరువు కట్ట మీద పడతాది, మీకిద్దరికీ మాటలుండవు అంటి. నాకు ఎట్లాగూ ధర్మవరం రావాలనే ఉండె. మామోళ్లవి మగ్గాలుండాయి.”

“తొమ్మిదేళ్లు నిన్ను దొంగ అనుకున్నాను, వెంకటేశులూ.”

“అనుకున్నారు. నోరు తెరిచి అనలేదు. అదే బాధ సార్. అనింటే నేనూ ఏదో ఒకటి అనుందును.”

“తప్పు నాది.”

అతను కాదనలేదు. కాఫీ తాగి పొమ్మన్నాడు. తాగాను. లోపల మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. రైలు వేళకు స్టేషను దాకా వచ్చి, డబ్బా ఉన్న సంచి తనే మోశాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. నా ఇంట్లో, నా బడిలో, నా వీధిలో ఇంతమందికి తెలిసిన విషయం నాకు తెలియలేదు. పిల్లికి మాంసం పెట్టడం వరకే అయితే ఓర్చుకునేవాణ్ణి. నేను ఒక మంచి మనిషిని దొంగలా చూస్తుంటే, పక్కనే కూర్చుని ఆమె బియ్యంలో రాళ్లు ఏరింది. పదకొండు నెలలుగా నేను ఏ మనిషి కోసం ఏడుస్తున్నానో ఆ మనిషి నాకు పూర్తిగా తెలియదు. చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అది నాకు తెలుసు. తెలిసినా, ఆమె చెప్పి ఉండాల్సిందనే అంటాను. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

ఇక నా ఇంట్లో ఏదీ చాటుగా జరగకూడదనుకున్నాను. కొర్ర పళ్లెం తెచ్చి వసారాలో, నా కుర్చీ ముందు, వీధిలో పోయేవాళ్లకు కనపడేలా పెట్టాను. నాగన్న అంగట్లో మళ్లీ గుండెకాయలు తెచ్చి నా చేత్తోనే కోశాను. పొట్టేలు పోయిన రోజు తర్వాత మాంసం ముట్టడం అదే మొదలు.

డబ్బా క్లిప్పు తీసిన చప్పుడుకే కొర్ర లేచింది. నా వైపు రాలేదు. గోడ వారగా, ఎక్కడా తట్టుకోకుండా, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లింది. నీళ్ల తొట్టి వెనక ఒక బండ ఉంది. దాని పక్కన కూర్చుని అరిచింది. పదకొండు నెలలుగా అరుస్తున్నది అక్కడి నుంచే. ఎత్తుకొచ్చి వసారాలో పళ్లెం ముందు దించాను. వాసన చూసి, మళ్లీ తొట్టి వెనక్కే పోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజుకు డాక్టరు మాటలు గుర్తొచ్చి భయం వేసింది.

డబ్బా తీసుకుని నేనే అక్కడికి వెళ్లాను. బండ మీద కత్తి గాట్లున్నాయి. ముక్కలు దాని మీద పెడితే కొర్ర ముఖం కిందికి వంచి తినసాగింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్కడ నేల ఒక మనిషి కూర్చునేంత మేర నున్నగా అరిగి ఉంది.

అక్కడి నుంచి వంటిల్లు కనిపిస్తుంది. వీధి గుమ్మం కనిపిస్తుంది. నా కుర్చీ మాత్రం కనిపించదు.